ఇంటిలో విమానపు గది

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గముపై హయత్‌నగర్ గలదు. గోలకొండ నేలిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె హయాత్ బక్షీ బేగము పేర నీ యూరు వెలసినది. 1626వ సంవత్సరమున ఆమె కుమారుడు అబ్దుల్లా చిన్నవయసుననే సింహాసన మెక్కగా, రాజ్యభారమును తాను వహించి నడిపిన ప్రజ్ఞావతి యామె. ఆమె పేరిట మసీదు నేటికిని అచ్చట నిలిచియున్నది. ఆ యూరిప్పుడు నగరములో కలిసిపోయి, పంటచేలున్న చోట మేడలు లేచినవి. అట్టి మేడలలో నొకదానిపై, ఆరడుగుల చిన్నగదిలో, ఒక బాలిక కూర్చుండి విమానము నడుపుట నేర్చుకొనవచ్చునని చెప్పినచో మన సోదరీమణులు నవ్వుదురేమో! కాని యిది నవ్వులాట కాదు. నేడు పెక్కు దేశములందు గృహస్థులు తీరికవేళల యింటియందే విమానపు గదిని నిర్మించుకొనుచున్నారు.

విమానమును నడుపువారు కూర్చుండు గదికి కాక్‌పిట్టని పేరు. దాని ననుకరించి చెక్కతో పెట్టెను కట్టి, స్విచ్చులు, పిడులు, పెడల్సు అమర్చి, వానిని కంప్యూటరుతో కలిపినచో, ఎదుటి తెరపై ఆకాశము, నేల, రన్‌వే కానవచ్చును. పిడిని లాగిన తెరపై విమానము పైకి లేచును. పెడలు త్రొక్కిన దాని ముక్కు ప్రక్కకు తిరుగును. దీనినే సిమ్యులేటరు అందురు. ఇది కేవలము మగపిల్లల వేడుక యనియు, సొమ్ము దండుగ యనియు పలువు రిల్లాండ్రు తలంతురు. వారి శంక నిరాధారము కాదు. ఈ గదివలన నిజముగా నేమి లభించును, ఏమి లభింపదు అను సంగతి తెలిసికొన్న పిదపనే యింట చోటియ్యవలెను.

నేలపై నుండి విమానవిద్య నేర్చు నుపాయము పుట్టిన కథ వినదగినది. అమెరికాలోని బింగ్‌హాంటన్ పట్టణమున ఎడ్విన్ లింక్ అను యువకుడుండెను. అతని తండ్రి పియానోలు, ఆర్గనులు చేయించు కర్మాగారమునకు యజమాని. ఎడ్విన్‌కు విమానములపై మక్కువ మెండు. కాని గాలిలో గడుపు ప్రతి గంటకును సొమ్ము విశేషముగా చెల్లింపవలసి యుండెను. నేలపైననే కొంత నేర్చుకొనరాదా యని యతడు యోచించి, ఆర్గను వాద్యమునకు గాలి నూదు తిత్తులనే తీసికొని, వానిపై చిన్న కొయ్యవిమానమును నిలిపెను. మన హార్మోనియపు తిత్తి నెఱిగినవారికి నిది సులభముగా బోధపడును. లోన కూర్చున్నవారు పిడిని కదల్చినప్పుడు తిత్తులలో గాలి నిండుచు, తగ్గుచు, కొయ్యపెట్టె ముందునకు వంగును, ప్రక్కకు ఒరగును, చుట్టు తిరుగును. 1929లో నిది సిద్ధమైనది. అయితే విమానపాఠశాలలవారు దాని నంతగా లక్ష్యపెట్టలేదు. వినోదశాలలవారు కొని, నాణెము వేసి యాడుకొను బొమ్మగా నుంచిరి.

1934లో అమెరికా సైన్యము తపాలాను విమానములలో మోయు పని చేపట్టెను. శీతకాలపు మంచులోను, మబ్బులలోను ఎగురుట యలవాటులేని చోదకులు పలువురు కొలది వారములలోనే కూలి మరణించిరి. అప్పుడు అధికారులకు లింక్ యంత్రము జ్ఞప్తికి వచ్చినది. అతనిని కలిసికొనుటకు వారు న్యూఆర్కు విమానాశ్రయమున వేచియుండగా వాతావరణము చెడిపోయెను. ఇక నతడు రాడని తలంచిరి. కాని లింక్ తన విమానపు మీటర్లనే యాధారము చేసికొని క్షేమముగా దిగెను. సైన్యము ఆరు యంత్రములను కొనెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున అట్టివి 10,000కు పైగా నిర్మింపబడెను. వానిపై 5,00,000 మందికి పైగా శిక్షణ పొందిరి. పిల్లల బొమ్మ యనుకొన్నది ప్రాణరక్షక మయ్యెను.

మబ్బులో నెగురుట కింత శిక్షణ యేల యని యడుగవచ్చును. మన చెవి లోపలి భాగమున వంపు గొట్టములు మూడు గలవు. వానిలోని ద్రవము కదలుటచే దేహము తిరుగుచున్నదో లేదో మెదడునకు తెలియును. బాలికలు చేతులు పట్టుకొని ఒప్పులకుప్ప తిరిగి చప్పున నాగినచో, లోకమంతయు తిరుగుచున్నట్లు తోచును. దేహము నిలిచినను చెవిలోని ద్రవము వెంటనే నిలువకపోవుటయే దీనికి కారణము. నేల కానరాని మబ్బులో చోదకులకును ఇట్టి భ్రాంతియే కలుగును. విమానము ఒరిగి తిరుగుచున్నను తిన్నగా పోవుచున్నట్లే తోచును. అప్పుడు దేహము చెప్పుమాటను కాదని, ఎదుటి మీటర్ల మాట నమ్మవలెను. ఇది వినినంతమాత్రమున వచ్చునది కాదు; పలుమారులు చేసి యలవరచుకొనవలసినది.

ఈ విద్యలో స్త్రీల పాత్ర తక్కువది కాదు. లింక్ భార్య మేరియన్ అతని సంస్థ వ్యవహారములలో తోడ్పడెను. యుద్ధకాలమున అమెరికా నౌకాదళపు స్త్రీవిభాగములోని యువతులు లింక్ యంత్రములపై పురుషులకు పాఠములు చెప్పిరి. మనదేశమున 1936లో సరళా ఠక్రాల్ చీర కట్టుకొని, లాహోరులో ఒంటరిగా విమానము నడిపెను. ఇక మన హైదరాబాదునకు గల గౌరవము ప్రత్యేకమైనది. 1945లో స్థాపింపబడిన డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థకు బేగంపేట స్థావరము. 1947లో వాణిజ్య విమానచోదక లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను, స్త్రీయను కారణమున ఇతర సంస్థలు నిరాకరింపగా, ఉద్యోగమున చేర్చుకొన్నది యీ హైదరాబాదు సంస్థయే. 1949లో ఆమె జాతీయ విమానపందెమున గెలుపొందెను. మఱి నగరమునకు ఉత్తరముననున్న దుండిగల్ వైమానిక దళ అకాడమీలో 2016 జూన్ 18వ తేదీన అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అను మువ్వురు యువతులు యుద్ధవిమాన విభాగమునకు మొట్టమొదటి స్త్రీలుగా నియుక్తులైరి. ఇట్టి నగరమున నివసించుచు, ఈ వేడుక బాలురదే యనుట న్యాయము కాదు.

లింక్ తిత్తుల చోట నిప్పుడు కంప్యూటరు వచ్చినది. 1982లో మైక్రోసాఫ్టు సంస్థ, బ్రూస్ ఆర్ట్విక్ రూపొందించిన ఫ్లైట్ సిమ్యులేటరును ఇంటి కంప్యూటర్లకై వెలువరించెను. 2020లో వచ్చిన దాని నూతనరూపమున, ఉపగ్రహచిత్రముల సాయముతో భూగోళమంతయు చూపబడినది. సొమ్ము వెచ్చింపలేనివారికి ఫ్లైట్‌గేర్ అను ప్రోగ్రాము గలదు. ఔత్సాహికులు కలిసి రూపొందించిన దానికి వెల లేదు. శంషాబాదు విమానాశ్రయమున విమానము నిలిపినప్పుడు ఎత్తు చూపు మీటరు సుమారు 2,000 అడుగులు చూపును. నేలపైనున్నను ఇంత యెత్తేల యని బిడ్డ తప్పక యడుగును. ఆ మీటరు సముద్రమట్టము నుండి లెక్కించుననియు, మన నగరము దక్కను పీఠభూమిపై నున్నదనియు అప్పుడు చెప్పినచో, భూగోళపాఠము జన్మములో మఱచిపోదు.

నిర్మాణక్రమము

మొదట చిన్న విమానమునే ఎన్నుకొనవలెను. 1955లో మొదటిసారి ఎగిరిన సెస్నా 172 నాలుగు సీట్ల విమానము. ప్రపంచమున పెక్కు పాఠశాలలలో దానిపైననే నేర్పుదురు. దాని యెదుట ముఖ్యమైన మీటర్లు ఆరు: వేగము, ఒరుగుదల, ఎత్తు, తిరుగుదల, దిక్కు, ఎక్కుదిగుదల వేగము. పెద్ద బోయింగు విమానపు గదితో ప్రారంభించినవారు పలుమారు సగములో విడిచిపెట్టుదురు. ఆ సగము చెక్కపెట్టె యింటికి భారమగును.

ప్లైవుడ్డు కోయుటకు ముందు అట్టపెట్టెలతో నమూనా చేసికొనవలెను. కుర్చీలో కూర్చుండి చేయి ఎచ్చటికి అందును, కన్ను ఎంత యెత్తున నున్నది, మోకాలు తగులునా అని చూచుకొని, అట్టపైననే గీతలు దిద్దుకొనవలెను. అట్ట చెడిన వేరొకటి తెచ్చుకొనవచ్చును. చెక్క చెడిన సొమ్ము పోవును. ఇంటిలో కుట్టుపని తెలిసిన స్త్రీలకు ఇది క్రొత్త కాదు. గుడ్డపై కత్తెర వేయుటకు ముందు కాగితముపై కొలతలు దిద్దుట వంటిదే.

హయత్‌నగర్‌వారికి సామగ్రి దూరము కాదు. వనస్థలిపురము ప్రక్కనున్న ఆటోనగరులో వాహనముల పనివారు పెక్కురు గలరు. కారు పాతసీటు సంపాదించినచో కుర్చీ సిద్ధమైనట్లే. స్విచ్చులు, వైర్లు, చిన్న చిన్న ఎలక్ట్రానిక్ సామానులకు కోఠిలోని గుజరాతీగల్లీ పేరుపడినది. 2018 నుండి ఎల్బీనగరులో మెట్రో రైలెక్కి ఉస్మానియా వైద్యకళాశాల స్టేషనులో దిగినచో కోఠి చేరువయే.

ఇక లోపలి కిటుకు సులభమైనది. రేడియోలో ధ్వని హెచ్చుతగ్గులు చేయు మరను చూచియుందురు. దానిలోని భాగమునకు పొటెన్షియోమీటరని పేరు. త్రిప్పినకొలది దానినుండి వచ్చు విద్యుత్తు హెచ్చుతగ్గు లగును. విమానపు పిడికి దీనిని తగిలించి, ఆర్డుయినో అను చిన్న బోర్డునకు కలిపినచో, ఆ బోర్డు విద్యుత్తును 0 మొదలు 1,023 వఱకు గల యంకెగా మార్చి కంప్యూటరునకు తెలుపును. పిడి నడుమ నున్న నంకె నడుమ నుండును, లాగిన మారును. ఇంతటి సంగతి బోధపడిన బిడ్డకు తక్కిన స్విచ్చులన్నియు సులభమే. ఆర్డుయినో బోర్డు 5 వోల్టులతో పనిచేయును గనుక ముట్టుకొన్నను ప్రమాదము లేదు. కాని కంప్యూటరునకు, తెరలకు వచ్చునది 230 వోల్టుల విద్యుత్తు. ఆ వైర్లను వేఱుగా నడిపించి, ఎర్తింగు సరిగా నున్నదో లేదో తెలిసిన పనివానిచే చూపించి తీరవలెను. టంకము వేయునప్పుడు కిటికీ తెఱచియుంచవలెను, పసిబిడ్డలను దరిచేరనీయరాదు.

మన వాతావరణమును గూడ గమనింపవలెను. వేసవిలో మేడమీది గది కొలిమివలె నుండును. దానికి కంప్యూటరు వేడి తోడైనచో లోన కూర్చుండుట కష్టము. గాలి బయటికి నెట్టు ఫ్యాను తప్పదు. వానకాలమున తేమకు అట్టచెక్క ఉబ్బును. ప్లైవుడ్డుకు చెదలు పట్టును. కావున పెట్టెను గోడకు చేర్చక, నేలకు తగులనీయక, క్రింద దిమ్మలుంచి, అంచులకు రంగు పూయవలెను. ఖర్చు విషయమున నొక నియమము మేలు: నెలకింతయని ముందే నిర్ణయించి, ఒక భాగము పనిచేసిన పిదపనే మఱియొకటి కొనవలెను.

తల్లి చేయదగిన పని

1935 అక్టోబరు 30వ తేదీన అమెరికాలో బోయింగు సంస్థవారి క్రొత్త విమానము, మోడల్ 299, పరీక్షార్థము పైకి లేచి వెంటనే కూలెను. ఇరువురు మరణించిరి. నడిపినవారు ఆరితేరినవారే. కాని నేలపై నున్నప్పుడు తోక రెక్కలు గాలికి కదలకుండ బిగించు తాళమును తీయుట మఱచిరి. తెలివి గలవారును మఱతురని దీనివలన గ్రహించి, చేయవలసిన పనులను కాగితముపై వ్రాసి, ఒక్కొక్కటిగా చూచుకొను పద్ధతిని నెలకొల్పిరి. దానికి చెక్‌లిస్టని పేరు. పెద్ద విమానములలో ఒకరు చదువుదురు, ఇంకొకరు చూచి బదులు చెప్పుదురు.

ఇంటి విమానపు గదిలో ఆ కాగితము చదువు పని తల్లి చేయవచ్చును. విమానము సంగతి తెలియనక్కఱలేదు. బిడ్డ చూడకయే “అయినది” అనుచున్నదా, చూచి చెప్పుచున్నదా యని కనిపెట్టిన చాలును. ప్రయాణము ముగిసిన పిదప నేడు చేసిన తప్పులేవి యని యొక పుస్తకమున వ్రాయింపవలెను. తప్పునకు దండన లేదు, వ్రాయక దాచుటయే తప్పు అను కట్టుబాటుండవలెను. ఈ గదిలో విమానము నూఱుమారులు కూలినను ఎవరికిని దెబ్బ తగులదు. ప్రాణభయము, పరువుభయము లేకుండ తన తప్పును తాను చూచుకొనుట కిట్టి చోటు లోకమున అరుదు. దీని విలువ యంతయు నిందే యున్నది.

ఇది లభింపజేయని దానిని గూడ నిర్మొగమాటముగా చెప్పవలెను. ఇంటి గదిలో వేయిగంటలు గడిపినను లైసెన్సునకు ఒక్క గంటయు లెక్కకు రాదు. వాణిజ్యచోదక లైసెన్సునకు మనదేశమున 200 గంటలు నిజవిమానమున నెగురవలెను. సిమ్యులేటరు గంటలలో ప్రభుత్వ మంగీకరించిన యంత్రములపై గడిపినవే కొంతవఱకు చెల్లును. కదలని చెక్కపెట్టె చెవిలోని భ్రాంతిని కలిగింపలేదు. బోధించువారు లేక నేర్చిన కొన్ని చెడ్డ యలవాట్లు పిమ్మట మాన్పుట కష్టమగును గూడ. విమానవిద్య కగు వ్యయము లక్షలలో నుండును. బిడ్డ తెరపై చక్కగా దింపుచున్నదని మురిసి, పొలమమ్మియో అప్పుచేసియో పాఠశాలకు పంపుట తొందరపాటు. ముందు వైద్యపరీక్ష చేయించి, కన్నును చెవియు తగినట్లున్నవని తెలిసికొని, ఒకమారు నిజవిమానమున నెక్కించి చూచిన పిదప నిర్ణయింపవలెను.

అయినను గదివలన ప్రయోజనము లేదనరాదు. చోదకురాలు కాకపోయినను, ఆ బాలిక కొలుచుట, కోయుట, వైరు కలుపుట, లెక్క సరిచూచుట నేర్చుకొనును. అన్న కుర్చీలో కూర్చుండి నడుపుచుండ చెల్లెలు కాఫీ యందించుటతో తృప్తి పడవలసిన కాలము గడచినది. స్క్రూడ్రైవరును కుర్చీని ఇరువురికిని సమముగా పంచి యిండు. పాతసామాను పడవేసిన గది యొకటి ప్రతి యింటను ఉండనే యున్నది. దానిని ఊడ్చి, ముందుగా నాలుగు అట్టపెట్టెలు బిడ్డల చేతికిచ్చి చూచునది.