మీకు తెలుసా? చెయ్యి తిరిగితేనే ల్యాబు

బయోమెడికల్ పరిశోధనలోకి కొత్తగా వచ్చినవాళ్ల చూపంతా పెద్ద మెషిన్ల మీదే ఉంటుంది. కానీ మెషిన్ దాకా వెళ్లేలోపే శాంపిల్ పాడయ్యే దారులు చాలా ఉన్నాయి. వాటిని కాచుకునేది చెయ్యే.

● మూత రంగు అందానికి కాదు. ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టనివ్వదు. సాధారణంగా అది పొటాషియం ఉప్పు రూపంలో ఉంటుంది. ఎర్ర మూత ట్యూబులో రక్తం చాల్లేదని ఊదా ట్యూబులోంచి కాస్త వంపారో, నిక్షేపంలా ఉన్న మనిషికీ పొటాషియం బాగా ఎక్కువగా, కాల్షియం బాగా తక్కువగా వస్తాయి. అందుకే రక్తం తీసేటప్పుడు ఎర్ర మూత ముందు, ఊదా మూత తర్వాత.

● ట్యూబును మజ్జిగలా చిలకకూడదు. ఊదా మూత ట్యూబునైతే ఎనిమిది, పదిసార్లు మెల్లగా తలకిందులు చేస్తే చాలు. గట్టిగా కుదిపితే ఎర్రకణాలు పగులుతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైన లేత గడ్డిరంగులో తేలాల్సిన ద్రవం ఎర్రబారుతుంది.

● ట్యూబులో ఉన్నా కణాలకు ఆకలే. మామూలు ట్యూబులో రక్తాన్ని అలాగే వదిలేస్తే, కణాలు గంటకు సుమారు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్‌ను తినేస్తాయి. బూడిదరంగు మూత ట్యూబులోని ఫ్లోరైడ్ వాటి నోరు కట్టేస్తుంది. అయితే అది పూర్తిగా పట్టు బిగించడానికి గంటకు పైనే పడుతుంది. కాబట్టి ఫ్లోరైడ్ ఉంది కదా అని తీరిగ్గా కూర్చోకూడదు.

● ఒకప్పుడు పిప్పెట్‌ను నోటితో పీల్చేవారు. క్రిములున్న ద్రవాలనూ అలాగే! ఆ పనితో విసిగిన హైన్రిష్ ష్నిట్గర్ 1957లో జర్మనీలోని మార్బుర్గ్‌లో, బొటనవేలితో నొక్కే మైక్రోపిప్పెట్‌ను తయారుచేశాడు. దాని కిటుకంతా ఆ వేలిలోనే. మొదటి ఆపు దాకా నొక్కి, మొనను ద్రవంలో కొద్దిగా ముంచి, వేలిని నిదానంగా వదలాలి. టపీమని వదిలితే గాలిబుడగ దూరుతుంది. మీ చెయ్యి కుదిరిందో లేదో తేల్చేది త్రాసు. 100 మైక్రోలీటర్ల నీళ్లు దాదాపు 0.1 గ్రాము తూగాలి. పదిసార్లు తూచినా అంతే రావాలి.

● స్లైడు మీద రక్తం నాలుక ఆకారంలో పరుచుకోవాలి. ఒక చిన్న చుక్క, దాని ముందు 30 నుంచి 45 డిగ్రీల వాలులో రెండో స్లైడు, దాన్ని వెనక్కి జరిపి చుక్కకు తాకించి, ఆగకుండా ముందుకు ఒక్క తోపు. తోపు మధ్యలో తడబడితే చారలు పడతాయి. చివరన పూత పల్చబడి కణాలు విడివిడిగా పరుచుకున్న చోటే మైక్రోస్కోపు కింద చూడాలి. పరికరం గొప్పదై ఉండాలనేమీ లేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా జీవిని చూసింది, చెమటకు స్క్రూలు తుప్పుపట్టిన మైక్రోస్కోపుతోనే.

● మన భీమవరం బిడ్డ పేరు ప్రాక్టికల్ రికార్డుల్లో ఉంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఎల్లాప్రగడ సుబ్బారావు 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ పరీక్షే 'ఫిస్క్-సుబ్బారావు పద్ధతి'. శాంపిల్‌కు అమ్మోనియం మాలిబ్డేట్, ఆపైన మరో రసాయనం కలిపితే నీలం రంగు తేలుతుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. కండరంలో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్ వీళ్లకు దొరికింది ఈ పద్ధతి వల్లే.

ఈ పరీక్షలో శాంపిల్ పక్కనే, శాంపిల్ వేయని 'బ్లాంక్' ట్యూబు ఒకటి పెడతారు. అది కూడా చిక్కగా నీలమెక్కిందంటే రసాయనాలనూ, ట్యూబులనూ అనుమానించాలి. ఫాస్ఫేట్ ఉన్న సబ్బుపొడితో తోమి, సరిగ్గా జాడించకపోతే ఇదే తంతు. అప్పుడు వెతకాల్సింది రోగి ఒంట్లో కాదు, సింకు దగ్గర!