తుపాకి మూతికి సంగీను ఎలా అమరుతుంది?

నేను కోలారు బంగారు గనుల ప్రాంతంలో ఒక పాఠశాలలో విజ్ఞానశాస్త్రం చెబుతాను. కొంతకాలం కిందట తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు పాత లుంగీ గుడ్డలో చుట్టి, మూరెడు దాటిన ఇనుప వస్తువొకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "సార్, మా అవ్వ దీంతో టెంకాయలు ఒలుస్తుంది. కత్తే అయితే పిడి చివర ఈ గాడి ఎందుకు? ఇక్కడ ఈ ఉంగరం ఎందుకు?" అని అడిగాడు. చూడగానే గుర్తుపట్టాను. అది సంగీను, అంటే తుపాకి మూతికి తగిలించే బాకు. ఇంగ్లీషువారు బాయొనెట్ అంటారు. అలుగు మొదట్లో కిరీటం గుర్తు, దాని కింద 1907 అనే అంకె, ఇంకా కింద చిన్న అంకెల్లో నెల, సంవత్సరం ఉన్నాయి. 1907 తయారైన ఏడు కాదు, ఆ నమూనాను ఆమోదించిన ఏడు. ఎప్పుడు తయారైందో చెప్పేవి ఆ చిన్న అంకెలే.

పిల్లవాడి ప్రశ్న మంచిది. ఆ గాడికీ ఉంగరానికీ వెనక మూడు వందల ఏళ్ల చిక్కుముడి ఒకటి ఉంది.

పాతకాలపు తుపాకిలో మందు, గుండు రెండూ మూతి నుంచే కూరాలి. ఒకసారి పేలాక మళ్లీ కూరేలోగా శత్రువు మీద పడితే సిపాయి చేతిలో ఉన్నది కర్రతో సమానం. అందుకని పదిహేడో శతాబ్దంలో బాకు పిడిని నేరుగా గొట్టంలోకి బిరడాలా దూర్చేవారు. ఫ్రాన్సు దేశంలోని బయోన్ పట్టణం నుంచి దానికి బాయొనెట్ అనే పేరు వచ్చిందంటారు. తుపాకి బల్లెమైంది, బాగానే ఉంది. కానీ గొట్టానికి బిరడా బిగించాక కాల్చడమెలా? 1689లో స్కాట్లండులోని కిల్లీక్రాంకీ దగ్గర సర్కారు సిపాయిలు ఆ బిరడా సంగీనులు తగిలించుకునేలోపే కొండజాతివారు కత్తులతో మీదపడి చెల్లాచెదురు చేశారు.

దాదాపు ఆ కాలంలోనే ఉపాయం దొరికింది. బాకుకు పిడి బదులు పొట్టి గొట్టం అమర్చారు. ఆ గొట్టాన్ని తుపాకి మూతి మీద తొడగాలి. దానిలో మెలిక తిరిగిన చీలిక ఉంటుంది, తుపాకి గొట్టం మీద చిన్న బుడిపె ఉంటుంది. బుడిపె చీలికలోకి వచ్చేలా తొడిగి, కిందికి నెట్టి, పక్కకు తిప్పితే చాలు. అలుగును కూడా మోచేయి వంచినట్టు పక్కకు వంచారు. గుండు దారికి అడ్డం రాదు, మందు కూరే చేతికి కోసుకోదు. కాల్చనూ వచ్చు, పొడవనూ వచ్చు.

ఇదంతా ఎక్కడో జరిగిన సంగతి అనుకోవద్దు. మన బూదికోటలో పుట్టిన హైదరాలీ, ఆయన కొడుకు టిప్పు సుల్తాను పోరాడింది ఇలాంటి తుపాకులు పట్టిన కుంపిణీ సైన్యాలతోనే. 1791 అక్టోబరులో కార్న్‌వాలిస్ సైన్యం నందిదుర్గాన్ని రాత్రివేళ గోడ పగులు మీదుగా ఎక్కి పట్టుకుంది. అలాంటి ఎక్కుడులో మందు కూరే తీరిక ఎవరికుంటుంది? అక్కడ పని సంగీనుదే. నందికొండ అప్పట్లో, ఆ తర్వాత చాలాకాలం కోలారు సీమలోనిదే. 2007 నుంచి చిక్కబళ్లాపురం జిల్లాలో ఉంది.

తొడిగి తిప్పే ఆ కీలును నేను తరగతిలో బల్బుతో చూపించాను. మీ ఇంట్లో పాత రకం హోల్డరు ఉంటే మీరూ చూడండి. బల్బు మూతికి రెండు పక్కలా రెండు చిన్న పుల్లలుంటాయి. హోల్డరులో వంకర గాడులుంటాయి. నొక్కి, కొంచెం తిప్పి వదిలితే లోపలి స్ప్రింగు బల్బును వెనక్కి తోసి గాడిలో నిలబెడుతుంది. దీన్ని బాయొనెట్ మూతి అనే అంటారు. ఆ మూతి అడ్డకొలత 22 మిల్లీమీటర్లు. మన గనులకు శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్ల తీగ మీద కరెంటు వచ్చింది 1902 జూన్ 30న. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది ఆ తర్వాత మూడేళ్లకు, 1905లో. ఈ మాట చెప్పినప్పుడల్లా మా ఊరి పిల్లలు కాస్త నిటారుగా కూర్చుంటారు.

ఇక పిల్లవాడు తెచ్చిన సంగీను సంగతి. ఇది గొట్టం రకం కాదు, పిడి ఉన్న కత్తి రకం. అలుగు 17 అంగుళాలు. ఇది .303 రైఫిలుకు సరిపోతుంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిషు ఇండియా సైన్యం చేతిలో ఉన్న రైఫిలు అదే. బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారంలో కూడా తయారైంది. దాని మూతికి ఒక ఇనుప తొడుగు ఉంటుంది. గొట్టం రంధ్రానికి కాస్త కింద ఆ తొడుగు నుంచి గుండ్రని ముక్కు ఒకటి ముందుకు పొడుచుకొస్తుంది. దానికి వెనక, బెత్తెడు పైచిలుకు దూరంలో, ఒక పట్టీ ఉంటుంది. సంగీను ఉంగరం ముక్కుకు ఎక్కాలి, పిడి చివరి గాడి పట్టీ మీద జారాలి. రెండూ ఒకేసారి కుదిరి, పిడిలోని స్ప్రింగు గొళ్లెం పట్టీని పట్టుకున్నప్పుడు 'ఠక్' మని వినిపిస్తుంది. తీయాలంటే పిడి పక్కనున్న బొత్తాం నొక్కి ముందుకు లాగాలి.

రెండు చోట్ల ఎందుకు పట్టాలి? తలుపుకు ఒకే బందు వేసి చూడండి, తెలుస్తుంది. పొడిచినప్పుడు అలుగు మొన మీద పడే బలం మొదట్లో ఎన్నో రెట్లవుతుంది. ఒకే చోట పట్టి ఉంటే ఊగిపోతుంది, విరుగుతుంది. ఇంకో తెలివి కూడా ఉంది. ఈ ఉంగరం గొట్టాన్ని తాకదు, బరువంతా తొడుగు మీదే. గొట్టం మూతికి అర కిలో ఇనుము వేలాడితే గుండు తగిలే చోటు మారుతుంది. తర్వాత వచ్చిన నాలుగో నంబరు రైఫిలులో ఖర్చు తగ్గించడానికి ఎనిమిది అంగుళాల ఇనుప మేకు లాంటి సంగీనును మళ్లీ గొట్టానికే తొడిగి తిప్పేలా చేశారు. చవకే కానీ, నాకు మాత్రం పాతదే మంచి పనితనం అనిపిస్తుంది.

రైఫిలుకు మిగతా అమరికలు పెద్ద కథేమీ కాదు. పట్టెడకు రెండు కొక్కేలు. భుజానికి ఆనే కుందా వెనక చిన్న మూత, లోపల నూనె సీసా, గొట్టం శుభ్రం చేసే పుల్ త్రూ తాడు. ఎన్.సి.సి.లో చేరినవారికి 'చిండి' అనే గుడ్డముక్క గుర్తుండే ఉంటుంది. ఆ తాడుకు తగిలించి గొట్టంలో లాగేది దాన్నే.

ఎన్.సి.సి. మాట ఊరికే రాలేదు. బ్రిటిషువారి కాలంలో మన గనుల్లో కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ బెటాలియన్ అని ఒక స్వచ్ఛంద సాయుధ దళం ఉండేది. 1920 చట్టం ప్రకారం అలాంటి దళాలను ఆగ్జిలరీ ఫోర్స్ కింద చేర్చారు. అందులో చేరదగినవారు యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లు. భూమి కింద రాయి కొట్టే తెలుగు, తమిళ కార్మికులకు అందులో చోటు లేదు. 1930లో వేలిముద్రల నమోదు వద్దని ఆ కార్మికులు 21 రోజులు సమ్మె చేశారు. సర్కారు తుపాకి ఎప్పుడూ అవతలి వైపే ఉండేది. 1947లో ఆ దళాలు రద్దయ్యాయి. 1948లో ఎన్.సి.సి. చట్టం వచ్చింది. గని కార్మికుల పిల్లలు మైదానంలో కవాతుకు పట్టుకున్నది ఆ పాత .303నే. నేనూ పట్టుకున్నాను. దాదాపు నాలుగు కిలోల బరువు. కుందా మీద 'డి.పి.' అని రాసి, పేలకుండా గొట్టానికి రంధ్రం వేసిన రైఫిలు. అయినా దాన్ని భుజాన పెట్టుకుని ఇంటి ముందునుంచి నడిచిన రోజు మా నాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

ఉత్తరప్రదేశ్ పోలీసులు ఈ రైఫిలుకు వీడ్కోలు చెప్పింది 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో. ఎంత గట్టి పనిముట్టో చూడండి.

పిల్లవాడి అవ్వ చెప్పినదాని ప్రకారం, గనిలో పనిచేసిన వాళ్ల మామ ఆ సంగీనును పాత ఇనుములో కొన్నాడట. డెబ్బై ఏళ్లుగా టెంకాయలకే వాడుతున్నారు. కానీ ఆయుధాల నియమావళిలో కత్తులు, బల్లేలతో పాటు సంగీను పేరు కూడా ఉంది. అలుగు తొమ్మిది అంగుళాలు దాటితే ఆ జాబితాలోకి వస్తుంది. పాత పెట్టెల్లో ఇలాంటివి ఉన్నవారు అమ్మకానికి పెట్టకండి, పిల్లల సంచిలో బడికి పంపకండి. పెద్దవారే పోలీసు ఠాణాకు వెళ్లి చూపించండి. నేను ఆ కుటుంబంతో కలిసి వెళ్లి అప్పగించాను. వాళ్లు రాసుకుని, మా చేత సంతకం చేయించుకుని, టీ ఇచ్చి పంపారు.

అవ్వకు మాత్రం నచ్చలేదు. కొత్త కత్తి కొనిచ్చినా, బజారులో నేను కనబడితే ఇప్పటికీ ఒకటే మాట: "అయ్యవారూ, ఇది టెంకాయకు దిగదు."