ఏమరుపాటు సహించని స్టైరీన్



ఒక్కసారి మీ ఇల్లంతా కలయజూడండి. ఫ్రిజ్ లోపలి తెల్లటి గోడలు, మిక్సీ పైభాగం, టీవీ పెట్టెలో సర్దివచ్చిన థర్మోకోల్ ముక్కలు, స్కూటరు టైర్లు - వీటిలో చాలావాటి తయారీకి స్టైరీన్ అనే రసాయనం కావాలి. 1839లో ఎడ్వర్డ్ సైమన్ అనే జర్మనుడు ఒక చెట్టు బంకనుంచి దీన్ని తీశాడు. ఇప్పుడు పెట్రోలియం సరుకులనుంచి తయారుచేస్తున్నారు.

చూడటానికి ఇది నీళ్లలాంటి ద్రవమే. దీని అణువులు, పిల్లలు చేతులు పట్టుకుని వరస కట్టినట్టు, ఒకదానితో ఒకటి కలిసిపోతే గట్టి ప్లాస్టిక్ అవుతుంది. అదే పాలీస్టైరీన్. దాన్ని బుడగలుగా పొంగిస్తే థర్మోకోల్.

చిక్కేమిటంటే, ఎవరూ కలపకపోయినా ఈ అణువులు వాటంతట అవే కలుస్తాయి. కలిసినప్పుడల్లా వేడి పుడుతుంది. ఆ వేడికి మరిన్ని కలుస్తాయి. ఎండాకాలం ఇడ్లీపిండి బయట మరిచిపోతే పొంగి పొర్లదూ? అందుకే గదా ఫ్రిజ్‌లో పెడతాం! స్టైరీన్ టాంకునూ అలాగే చల్లగా ఉంచాలి. పైగా ఆ కలయికను ఆపే మందొకటి కలిపి, అది తరిగిపోకుండా చూసుకుంటూ ఉండాలి.

ఆ చూసుకోవడం తప్పితే ఏమవుతుందో 2020 మే 7న విశాఖపట్నం చూసింది. లాక్‌డౌన్‌లో వారాల తరబడి పని ఆగిన ఒక పాలిమర్ల కర్మాగారంలో టాంకు వేడెక్కింది. మందు చాలలేదు. తెల్లవారుజామున ఆవిరి వెంకటాపురం మీద పడింది. హెచ్చరిక సైరను మోగలేదు. 12 మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు.

ఈ ఆవిరి తగిలితే కళ్లు, గొంతు మండుతాయి, తల తిరుగుతుంది, మోతాదు మించితే స్పృహ తప్పుతుంది. ఇది బహుశా కాన్సరు కలిగించవచ్చునని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2018లో నిర్ణయించింది.

మరి మనమేం చేయాలి? ఈ ఆవిరి గాలికంటే బరువు, పల్లంలో నిలుస్తుంది. కనక పల్లానికి పోకుండా, గాలి వీచే దిక్కుకు అడ్డంగా నడిచి మెరక చేరాలి. తర్వాత బట్టలు మార్చుకుని, కళ్లు మంచినీళ్లతో బాగా కడుక్కోవాలి. మీ ఊరిపక్క ఇలాంటి కర్మాగారం ఉంటే అక్కడ ఏం నిలవ ఉంది, సైరను ఎలా మోగుతుంది, ఎటు పోవాలి అని అడగండి. ప్రమాదముంటే చుట్టుపక్కలవారికి ముందే తెలియజెప్పాలని 1989 నాటి నిబంధనలే చెబుతున్నాయి. అడగటం తప్పు కాదు సుమా!

ఇంట్లో గట్టిపడిన ప్లాస్టిక్‌ను చూసి భయపడనక్కరలేదు. కాని వేడివేడి కూరలు, నూనె వంటకాలు థర్మోకోల్ పళ్లేల్లో పెట్టకండి. మిగిలిన స్టైరీన్ తిండిలోకి దిగుతుంది. 2022 జులై 1 నుంచి మన దేశంలో ఆ పళ్లేలు నిషేధం కూడాను. థర్మోకోల్ చెత్తను తగలబెట్టకండి, ఆ నల్లపొగ పిల్లల ఊపిరితిత్తులకు చేటు.

పొయ్యిమీద పాలుపెట్టి పక్కింటికి వెళ్లం గదా? టాంకు నిండా స్టైరీన్ పెట్టుకున్నవారికీ అదే నీతి.