భుజం మీద బడి పేరు

ఏడుగురు కుర్రాళ్లు, 42.195 కిలోమీటర్లు, ఒక గుడ్డ పట్టీ. డిసెంబరులో ఒక ఆదివారం క్యోటో వీధుల్లో జరిగే హైస్కూలు రిలే కథ ఇది.

‘స్కూలు పిల్లల క్రాస్ కంట్రీ సీజన్ మొదలవుతోంది. చాలా జట్లు తొలి పోటీగా రిలే పరుగెత్తుతాయట. దాని మీద ముఖచిత్ర కథనం ఇవ్వండి. గురువారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలి’ అన్నారు ఎడిటర్ గారు. ఆయన మనసులో ఉన్నవి అమెరికా హైస్కూళ్లు. వాటి సంగతి చివర్లో ఒక బాక్సులో పెట్టాను. ఎందుకంటే, పోగేసిన కాగితాల్లో ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. అది జపాన్ అథ్లెటిక్స్ సమాఖ్య రోడ్డు మీది రిలేల కోసం రాసుకున్న నియమావళి. అందులో ఒక గుడ్డ పట్టీ గురించి ఉన్న నాలుగైదు వాక్యాలు చదివాక మిగతాదంతా వాటి చుట్టూనే తిరిగింది.

జపాన్‌లో ఈ పరుగును ఎకిడెన్ అంటారు. మన స్కూలు గ్రౌండులో రిలే అంటే చేతిలో బ్యాటన్ ఉంటుంది. ఎకిడెన్‌లో బ్యాటన్ ఉండదు, ఒంటి మీద తసుకి ఉంటుంది. అది గుడ్డదే అయి ఉండాలి. వెడల్పు 6 సెంటీమీటర్లు, పొడవు 1.6 నుంచి 1.8 మీటర్లు. కొసలు కలిపి కుట్టిన ఆ పట్టీని, బడిపిల్లలు నీళ్ల సీసా తగిలించుకున్నట్టు, ఒక భుజం మీంచి రెండో చంక కిందికి ఏటవాలుగా వేసుకోవాలి. దాని మీద బడి పేరు రాసి ఉంటుంది.

పట్టీ చేతులు మారే తీరును నియమావళి ఇంకా శ్రద్ధగా చెప్పింది. అంచె చివర 50 మిల్లీమీటర్ల వెడల్పున ఒక గీత. ఆ గీత నుంచి ముందుకు 20 మీటర్ల లోపలే పట్టీ ఇచ్చిపుచ్చుకోవడం జరిగిపోవాలి. చేతిలోంచి చేతిలోకే ఇవ్వాలి. వస్తున్న కుర్రాడు పట్టీని ఒంటి మీంచి తియ్యాల్సింది గీతకు 400 మీటర్ల ముందు నుంచి. అందుకున్న కుర్రాడు 200 మీటర్లు వెళ్లేలోగా దాన్ని భుజాన వేసుకోవాలి. టైము లెక్కకు మాత్రం పట్టీతో పనిలేదు. వచ్చేవాడి ఛాతీ గీతను చేరిన క్షణమే లెక్క.

ఈ 400, 200 అంకెలు నాకు ఎంత నచ్చాయో చెప్పలేను. పది కిలోమీటర్లు ఒళ్లు దాచుకోకుండా పరుగెత్తిన పిల్లవాడికి చెమటకు ఒంటికి అతుక్కున్న పట్టీని తలమీంచి తియ్యడం పెద్ద పని. చేతుల ఊపు చెడుతుంది, అడుగు తడబడుతుంది. ఎదురుచూస్తున్నవాడికేమో ఒంట్లో శక్తి అంతా తాజాగా ఉంటుంది, అందుకోగానే దూసుకుపోవాలనిపిస్తుంది, పట్టీ సర్దుకునే ఓపిక ఉండదు. ఇద్దరి ఇబ్బందీ తెలిసినవాళ్లే ఆ వాక్యాలు రాయగలరు. మొత్తం ఆరు మార్పిళ్లు. ఏడోవాడి భుజానికి చేరేసరికి అందులో ఆరుగురి చెమట ఉంటుంది.

దూరాల పట్టిక

అఖిల జపాన్ హైస్కూలు ఎకిడెన్‌కు 47 ప్రిఫెక్చర్ల (పరిపాలనా ప్రాంతాల) నుంచి ఒక్కో బడి చొప్పున వస్తాయి. ప్రాంతాల వారీగా మరికొన్ని జట్లను కలిపిన సంవత్సరాలూ ఉన్నాయి. మగపిల్లలు నిషిక్యోగోకు స్టేడియంలో మొదలై, ఊరు దాటి ఉత్తరాన తకరగాయికె దాకా వెళ్లి, మళ్లీ స్టేడియానికే రావాలి. క్యోటోకు ఉత్తరం మెరక, దక్షిణం పల్లం. వెళ్లేటప్పుడు ఎగువకు పరుగు, వచ్చేటప్పుడు దిగువకు. పొద్దున ఆడపిల్లలు ఐదు అంచెల్లో హాఫ్ మారథాన్ దూరం, మధ్యాహ్నం మగపిల్లలు ఏడు అంచెల్లో పూర్తి మారథాన్ దూరం.

మగపిల్లల అంచెలు వరుసగా ఇవి: 10 కిలోమీటర్లు, 3, 8.1075, 8.0875, 3, 5, 5. కూడి చూడండి, సరిగ్గా 42.195 వస్తుంది. మూడో అంచెకూ నాలుగో అంచెకూ 20 మీటర్ల తేడా ఎందుకా అని కాసేపు తల పట్టుకున్నాను. మొదటి మూడూ కలిపితే 21.1075. మారథాన్‌లో సగం 21.0975. అంటే సగం దూరం దాటిన 10 మీటర్లకు పట్టీ చేతులు మారుతుందన్నమాట. ఆ చోటు క్యోటో అంతర్జాతీయ సమావేశ భవనం ముందుంది. 1997లో వాతావరణ ఒప్పందం కుదిరింది ఆ భవనంలోనే.

ఆడపిల్లల అంచెలు 6, 4.0975, 3, 3, 5. రెండు పట్టికల్లోనూ ఉన్న ఆ మూడు కిలోమీటర్ల అంచెల దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. పది కిలోమీటర్ల మొదటి అంచెకు బడిలోకెల్లా గట్టివాణ్ని పెడతారు. మూడు, నాలుగు అంచెలకు ఆ తర్వాతివాళ్లు. మూడు కిలోమీటర్ల అంచె మాత్రం నిరుడు బడిలో చేరిన కుర్రాడికి దక్కవచ్చు, 1500 మీటర్లు తప్ప ఎక్కువ దూరం అలవాటు లేనివాడికి దక్కవచ్చు. పట్టుమని తొమ్మిది నిమిషాలైనా ఉండదు వాడి పని. ఆ తొమ్మిది నిమిషాలూ బడి పేరు వాడి భుజాన ఉంటుంది. వాడు పోగొట్టిన పది సెకన్లు మిగిలిన ఆరుగురూ మోస్తారు, వాడు సంపాదించినవీ వాళ్లకే చెందుతాయి. ఒంటరి పరుగు పోటీల్లో వెనకబడి, ఎవరూ పట్టించుకోని పిల్లలను నేను మన మైదానాల్లో చాలామందిని చూశాను. వాళ్లకు ఇలాంటి చోటు ఉండాలని మనసారా కోరుకుంటాను.

ఏడుగురు కలిసి ఎంత వేగంగా వెళ్తారు? 2008లో నగానొ ప్రిఫెక్చర్‌కు చెందిన సకు చోసెయ్ బడి 2 గంటల 2 నిమిషాల 18 సెకన్లలో గెలిచింది. 2023లో షికాగోలో కెన్యా యువకుడు కెల్విన్ కిప్టమ్ అదే దూరాన్ని ఒక్కడే 2 గంటల 35 సెకన్లలో పూర్తి చేశాడు. ఏడుగురు మెరికల్లాంటి కుర్రాళ్లు వంతులేసుకుని పరుగెత్తినా అతనికంటే నిమిషం 43 సెకన్లు వెనకే. కిప్టమ్ ఎంతటివాడో నాకు ఈ పోలికతోనే బోధపడింది.

ఆ సకు చోసెయ్ బడికి తన సొంత క్రాస్ కంట్రీ బాట ఉంది. అప్పటి కోచ్ హయాషి మొరొజుమి తానే మట్టి తవ్వే యంత్రం నడిపి, పిల్లలతో కలిసి ఎత్తుపల్లాలతో ఆ బాట వేశారు. తారురోడ్డు మీది పోటీకి మట్టిబాట మీద తయారీ! కాళ్ల మీద దెబ్బ తగ్గుతుంది, ఎగుడుదిగుడు నేల పిక్కలకూ నడుముకూ బలం ఇస్తుంది. 2008 జట్టులో ఆఖరి అంచె పరుగెత్తిన సుగురు ఒసాకొ, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌లో ఆరో స్థానంలో నిలిచాడు.

కెన్యా నుంచి వచ్చిన పిల్లలు

ఇదే పోటీలో మరో బడి పేరు తరచూ వినిపిస్తుంది, సెందయ్ ఇకుయెయ్. కెన్యా నుంచి కుర్రాళ్లను తెచ్చి చదువు చెప్పించి పరుగెత్తించిన బడుల్లో ఇది ముఖ్యమైనది. శామ్యూల్ వంజిరు 2002లో అలాగే వచ్చాడు. అతనుండగా బడి 2003లోనూ 2004లోనూ గెలిచింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ మారథాన్‌లో అతను 2 గంటల 6 నిమిషాల 32 సెకన్లకు స్వర్ణం గెలిచాడు. ఆ ఒలింపిక్ రికార్డు 2024లో పారిస్ దాకా నిలిచింది.

ఏళ్ల తరబడి మొదటి అంచెలో విదేశీ విద్యార్థులు దూసుకుపోవడంతో పోటీ అక్కడే తేలిపోతోందన్న అసంతృప్తి పెరిగింది. 2008 నుంచి వాళ్లను మొదటి అంచెలో పెట్టకూడదన్నారు. 2024 నుంచి మూడు కిలోమీటర్ల అంచెల్లో మాత్రమే పెట్టాలన్నారు. పోటీ చివరిదాకా ఉత్కంఠగా సాగాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. అయినా ఈ నియమం నాకు మింగుడుపడలేదు. పదిహేనేళ్ల వయసులో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చి, పరాయి భాషలో పాఠాలు చదువుకుంటూ, అదే పట్టీ వేసుకున్న పిల్లవాడికి పెద్ద అంచె అందకుండా చెయ్యడం బడి పేరున జరిగే పోటీకి తగదు. బడిలో చేరినవాళ్లంతా బడి పిల్లలే.

నూరేళ్ల చరిత్ర గబగబా

1917 ఏప్రిల్‌లో రాజధాని టోక్యోకు మారి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా యొమియురి పత్రిక క్యోటో నుంచి టోక్యోకు దాదాపు 500 కిలోమీటర్ల రిలే పెట్టింది. తూర్పు జట్టుకు ఆఖరి అంచె పరుగెత్తినవాడు షిజొ కనకురి. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్ మారథాన్ ఎండకు తాళలేక మధ్యలో ఆగిపోయి, 1967లో అక్కడివాళ్లు పిలిస్తే వెళ్లి 54 ఏళ్ల 8 నెలల తర్వాత ముగింపు గీత దాటినవాడు ఈయనే. 1920లో ఆయన చొరవతో విశ్వవిద్యాలయాల హకొనె ఎకిడెన్ మొదలైంది. 1950లో హైస్కూలు పోటీ ఒసాకాలో మొదలై, 1966లో క్యోటోకు చేరింది. ఆడపిల్లలకు 1989లో గానీ చోటు దక్కలేదు.

పాకుతూ వచ్చిన అమ్మాయి

ఆ పట్టీ మీద నాకున్న ఇష్టానికి ఒక చోట అడ్డుకట్ట పడింది. 2018 అక్టోబరులో ఫుకువొకలో మహిళల కంపెనీ జట్ల అర్హత ఎకిడెన్ జరిగింది. రెండో అంచె 3.6 కిలోమీటర్లు. పంతొమ్మిదేళ్ల అమ్మాయి చివరి రెండు మూడు వందల మీటర్ల దగ్గర కూలిపోయింది. కుడికాలి ఎముక విరిగింది. లేచి నిలబడలేక, చేతులమీదా మోకాళ్లమీదా తారురోడ్డు మీద పాకుతూ వచ్చి, రక్తం ఓడుతున్న మోకాళ్లతో పట్టీ అందించింది. ఎదురుగా నిలబడ్డ తోటి అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆపెయ్యమని కోచ్ చెప్పిన మాట ఆమె దగ్గరున్న అధికారికి చేరేసరికి ఆలస్యమైంది.

జపాన్‌లో దాన్ని మెచ్చుకున్నవాళ్లున్నారు, ఎందుకు ఆపలేదని మండిపడ్డవాళ్లూ ఉన్నారు. నేను రెండోవాళ్ల పక్షం. ఆ అమ్మాయి పట్టుదలకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ క్షణంలో నిర్ణయం ఆమెకు వదిలిపెట్టకూడదు. జట్టు కష్టం భుజాన వేసుకున్న మనిషి తనంతట తాను ఆగదు. పట్టీకున్న బలమే అది. ఇక ముందుకు పరుగెత్తలేని వారిని రోడ్డు పక్కకు తీసుకెళ్లాలనీ, కొనసాగించాలా వద్దా అన్నది రిఫరీ, వైద్యుడు తేల్చాలనీ నియమావళిలో ఉంది. 400 మీటర్లు, 200 మీటర్లు అని అంత శ్రద్ధగా కొలిచిన పెద్దలు, పిల్లను రోడ్డు మీంచి ఎత్తుకోవడానికి పట్టే సెకన్లను కూడా అంతే శ్రద్ధగా కొలవాలి. మాట సమయానికి అందలేదన్న జవాబు చాలదు.

బాక్స్ 1: పట్టీ అందకపోతే?

జనవరి 2, 3 తేదీల్లో టోక్యో నుంచి హకొనె కొండలకు వెళ్లి వచ్చే విశ్వవిద్యాలయాల పరుగు పది అంచెలు, 217.1 కిలోమీటర్లు. హైస్కూలు పిల్లల కలలన్నీ దాని మీదే. అక్కడ రోడ్లను ఎక్కువసేపు మూసి ఉంచలేరు. అందుకని ముందున్న జట్టు దాటిపోయాక, చోటును బట్టి పది నుంచి ఇరవై నిమిషాల గడువు పెడతారు. ఆలోగా తన జట్టు మనిషి రాకపోతే తర్వాతివాడు వేరే పట్టీ వేసుకుని బయల్దేరాల్సిందే. కొన్ని సెకన్ల తేడాతో వచ్చినవాడు, పట్టీ అందుకునే మనిషి లేక గీత దగ్గర నిలబడిపోతాడు. జట్టు పరుగు ఆగదు, టైములన్నీ లెక్కకు వస్తాయి. అసలు పట్టీ మాత్రం అక్కడితో ఆగిపోతుంది.

బాక్స్ 2: అమెరికా బడుల లెక్క

అమెరికా హైస్కూళ్లలో క్రాస్ కంట్రీ ఆగస్టు చివర మొదలై నవంబరు దాకా నడుస్తుంది. మామూలు పోటీ 5 కిలోమీటర్లు, గడ్డి మీద, మట్టి మీద. ఏడుగురు పరుగెత్తితే మొదటి ఐదుగురి స్థానాలను కూడతారు, తక్కువ వచ్చినవాళ్లు గెలిచినట్టు. ఒకే బడి మొదటి ఐదు స్థానాలూ కొట్టేస్తే 15. ఆరో, ఏడో పిల్లలకు సొంత లెక్క లేకపోయినా, అవతలి బడి పిల్లలకంటే ముందొస్తే వాళ్ల అంకె పెంచేస్తారు.

సీజన్ మొదట్లో చాలాచోట్ల రిలే పెడతారు. ఇద్దరిద్దరు వంతులేసుకుని మైలు చొప్పున పరుగెత్తేవి కొన్ని, నలుగురి జట్లు చిన్న చుట్లు తిరిగేవి కొన్ని. కొన్నిచోట్ల బ్యాటన్, కొన్నిచోట్ల అరచేతిని తట్టడం. వేసవి సెలవుల్లో ఎవరు సాధన చేశారో కోచ్‌కు తెలిసిపోతుంది. కొత్తగా చేరిన పిల్లవాడు 5 కిలోమీటర్ల భయం లేకుండా బడి బనియను వేసుకుని తొలిసారి పరుగెత్తుతాడు.

ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీల్లో కూడా 2017 కంపాలా నుంచి మిక్స్‌డ్ రిలే ఉంది. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, ఒక్కొక్కరికి సుమారు 2 కిలోమీటర్లు. మన జాతీయ క్రాస్ కంట్రీ పోటీల్లో అండర్-16 పిల్లలు పరుగెత్తేదీ 2 కిలోమీటర్లే. జిల్లా ఎంపికలకు వారం ముందు చుట్టుపక్కల నాలుగు బడులు కలిసి చెరువుగట్టు మీదో, మామిడితోటలోనో ఇలాంటి రిలే ఒకటి పెట్టి చూడమని పీఈటీ మాస్టార్లను అడుగుతున్నాను. బడికొక పట్టీకి రెండు మీటర్ల గుడ్డ చాలు, బడి పేరు పిల్లలే రాసుకుంటారు.