పని నేర్పిన యజమాని

పెద్దాపురంలో రెండు కాలాల పరిశ్రమలు పక్కపక్కనే బతుకుతున్నాయి. ఊళ్లో చేనేత ఇళ్లలో పట్టు పంచెలు, కండువాలు, చీరలు నేసే గుంట మగ్గాలున్నాయి. ఊరి బయట సామర్లకోట నుంచి రాజానగరం వైపు సాగే ఏడీబీ రోడ్డు వెంట రైస్ మిల్లులు, నూనె ఫ్యాక్టరీలు లేచాయి. మగ్గాలు పెట్టించినవాడూ, మిల్లు పెట్టినవాడూ ఇద్దరూ వ్యాపారులే. ఇద్దరిమీదా ఆధారపడి కుటుంబాలున్నాయి. వ్యాపారం ఎలా మొదలుపెట్టాలి, మనుషుల్ని ఎలా నడిపించాలి అని అడిగితే మన పుస్తకాల షాపుల్లో దొరికే జవాబులు ఎక్కువగా అమెరికా కంపెనీల చుట్టూ తిరుగుతాయి. కొత్త ఆలోచన ఉండాలంటాయి, పెట్టుబడి ఉండాలంటాయి, తెగింపు ఉండాలంటాయి. ఏదీ అబద్ధం కాదు. అయితే గోదావరి జిల్లాల్లోనూ, తెలుగు నేల మీద మరికొన్ని చోట్లా పుట్టిన వ్యాపారాలను దగ్గరగా చూస్తే అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి కనిపిస్తుంది. యజమాని తనకు తెలిసినదాన్ని తన దగ్గర పనిచేసేవాళ్లకు ఎంతవరకు తెలియనిచ్చాడు? ఒక వ్యాపారం ఊరికి ఏం మిగిల్చిందో, మనుషుల్ని ఎలా చూసిందో తేల్చేది ఈ ప్రశ్నేనని నా నమ్మకం.

ముందు ఆలోచన సంగతి. మంచి వ్యాపార ఆలోచన ఎక్కువసార్లు పని లోపలి నుంచే వస్తుంది. యాదాద్రి జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం కథ ఇందుకు గట్టి సాక్ష్యం. పోచంపల్లి తరహా చీరకు రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోయాలి. ఒక్క చీరకే చేయి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఈ పని ఇంటి ఆడవాళ్లది. భుజాల నొప్పి కూడా వాళ్లదే. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మల్లేశం తన తల్లి లక్ష్మి పడే బాధ చూసి 1992లో యంత్రం కోసం ప్రయత్నాలు మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. చేనేతను బాగుచేయాలని ఆలోచించిన ఇంజనీర్లూ అధికారులూ అంతకుముందు లేకపోలేదు. కానీ చీర ధర పెరగకుండా మనిషి శ్రమ తగ్గాల్సిన చోటు ఎక్కడుందో ఆ ఇంట్లో పెరిగినవాడికి తెలిసినంతగా వాళ్లకు తెలియలేదు. పెట్టుబడి ఉన్నవాడు తెలివిని జీతానికి తెచ్చుకోగలడు, నిజమే. ఏ తెలివి తెచ్చుకోవాలో తెలియడానికి మాత్రం పనిని ఎరిగి ఉండాలి.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ మండపేట పక్కనున్న తాపేశ్వరం. పోలిశెట్టి సత్తిరాజు అక్కడ మడత కాజా చేసి అమ్మడం మొదలుపెట్టారు. పిండిని పలచగా సాగదీసి, పొరల మధ్య నూనె రాసి, చాపలా చుట్టి, ముక్కలు కోసి, వత్తి వేయించి పాకంలో వేస్తారు. ఇందులో దాచడానికి పెద్ద రహస్యమేమీ లేదు. కానీ పొరలు విడివిడిగా నిలవాలంటే పిండి ఎంతసేపు నానాలి, నూనె ఎంత వేడిలో ఉండాలి, పాకం ఏ పదునులో దించాలి అన్నవి చేతికి అలవాటు కావాలి. ఆ అలవాటు ఒక్క ఇంట్లో ఆగిపోలేదు. ఊళ్లో మరికొందరు కాజా చేయడం నేర్చారు, దుకాణాలు పెట్టారు. ఇవాళ తాపేశ్వరం కాజా అన్న బోర్డు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఎన్నో పట్టణాల్లో కనిపిస్తుంది. ఒక మనిషి వంటకం ఒక ఊరికి వృత్తి అయింది.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. పని నేర్పితే రేపు వాడే ఎదురుగా దుకాణం పెడతాడు కదా, మన గిరాకీని మనమే పంచిపెట్టుకున్నట్టు కాదా అని. ఈ భయాన్ని తేలిగ్గా తీసేయకూడదు. చిన్న వ్యాపారికి నలుగురు కొనేవాళ్లు తగ్గినా బాధే. కానీ తాపేశ్వరంలో జరిగింది గమనించండి. అన్ని దుకాణాలు వచ్చాక కూడా సత్తిరాజు కుటుంబపు సురుచి ఫుడ్స్ మూతపడలేదు. 2016లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. ఊరి పేరే సరుకు పేరు కావడంతో కొనేవాళ్లు ఊరిని వెతుక్కుంటూ వచ్చారు, ఆ రాకలో మొదటి దుకాణానికీ వాటా దొరికింది. బ్రిటిష్ అర్థశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో అచ్చయిన తన గ్రంథంలో ఇదే సంగతిని వివరించాడు. ఒకే పని చేసేవాళ్లు ఒకేచోట ఎక్కువమంది ఉంటే నైపుణ్యం పిల్లలకు కూడా తెలియకుండానే అబ్బుతుందని, ముడిసరుకూ పనిముట్లూ అమ్మేవాళ్లు అక్కడికే వస్తారని, పని వెతుక్కునేవాడూ మనిషిని వెతుక్కునేవాడూ ఒకరికొకరు సులువుగా దొరుకుతారని చెప్పాడు. పేరు వాడుకుని నాసిరకం అమ్మేవాళ్లు ఉంటారన్నది నిజమే. దానికి విరుగుడు నేర్పడం మానేయడం కాదు, పేరును అందరూ కలిసి కాపాడుకోవడం. ఆత్రేయపురం పూతరేకుల తయారీదారులు చేసింది అదే. సంఘంగా ఏర్పడి 2023లో భౌగోళిక గుర్తింపు సాధించుకున్నారు.

మిఠాయిల లెక్క పెద్ద పరిశ్రమకు వర్తిస్తుందా? హైదరాబాద్ మందుల పరిశ్రమను చూస్తే వర్తిస్తుందనే అనిపిస్తుంది. సోవియట్ సాయంతో హైదరాబాద్‌లో ప్రభుత్వం కట్టిన ఐడీపీఎల్ కర్మాగారం వ్యాపారంగా చివరికి నిలదొక్కుకోలేదు. కానీ ఒక తరం రసాయన శాస్త్రవేత్తలకు మందులు తయారుచేయడం నేర్పింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి బయటికొచ్చి, మరో రెండు కంపెనీల అనుభవం తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆయనతో కలిసి చెమినార్ అనే మందుల కంపెనీలో పనిచేసిన మురళి దివి 1990లో దివీస్ మొదలుపెట్టారు. డాక్టర్ రెడ్డీస్‌లో శాస్త్రవేత్తగా ఉన్న బండి పార్థసారథిరెడ్డి 1993లో హెటిరో పెట్టారు. వెళ్లిపోయినవాళ్ల వల్ల డాక్టర్ రెడ్డీస్ చిన్నదైపోలేదు, వెళ్లినవాళ్లూ చిన్నవాళ్లుగా మిగల్లేదు. ఇదంతా 1970 నాటి పేటెంట్ల చట్టం పుణ్యమేనని కొందరంటారు. ఆ చట్టం మందుకు పేటెంట్ ఇవ్వకుండా తయారీ పద్ధతికే పరిమితం చేసింది. మరో దారిలో అదే మందు చేయగల మన కంపెనీలకు తలుపు తెరిచింది. ఆ వాదనలో బలముంది. కానీ చట్టం దేశమంతటికీ ఒకటే. ఆ తలుపులోంచి హైదరాబాద్‌లో అంతమంది ఎందుకు నడిచారంటే, నడక నేర్చినవాళ్లు అప్పటికే అక్కడ ఉన్నారు కాబట్టి.

దీనికి ఎదురు బొమ్మ కాలిఫోర్నియాలో ఉంది. ట్రాన్సిస్టర్ ఆవిష్కరణలో భాగస్వామిగా 1956లో నోబెల్ అందుకున్న విలియం షాక్లీ అదే ఏడాది మౌంటెన్ వ్యూలో తన పేరుతో ఒక సంస్థ మొదలుపెట్టాడు. ఆయన ఎంపిక చేసిన కుర్రవాళ్లు దేశంలోకెల్లా చురుకైనవాళ్లు. కానీ వాళ్లమీద ఆయనకు నమ్మకం లేదు. వాళ్లు తెచ్చిన ఫలితాలను బయటి పాత సహచరులకు ఫోన్ చేసి సరిచూసుకునేవాడు. 1957లో ఎనిమిదిమంది ఒక్కసారిగా వెళ్లిపోయి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టారు. వాళ్లలో రాబర్ట్ నాయిస్, గోర్డన్ మూర్ 1968లో ఇంటెల్ స్థాపించారు. షాక్లీ సంస్థ తలెత్తనేలేదు. ఆలోచన ఆయనదే, పేరు ఆయనదే. మనుషులు మిగల్లేదు.

చిన్న ఊళ్లో పుట్టిన తెలివి చిన్నగానే ఉండిపోతుందన్న అనుమానం మరొకటి. తణుకు దానికి జవాబిస్తుంది. 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ తదితరులు పెట్టిన ఆంధ్రా షుగర్స్ చెరకు దగ్గర ఆగిపోలేదు. కొవ్వూరులో కాస్టిక్ సోడా చేసింది, ఆస్పిరిన్ చేసింది, ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం అందించింది. పంచదార మిల్లు నుంచి రాకెట్ ఇంధనం దాకా ఒక్క దూకులో ఎవరూ చేరరు. ఒక రసాయనం చేయడం వచ్చిన మనుషుల చేతుల మీదుగానే మరొకటి చేయడం కుదురుతుంది.

అయితే నా వాదనకు అన్నిటికన్నా గట్టి పరీక్ష పెద్దాపురం మగ్గాల దగ్గరే ఉంది. పని నేర్పడమే అసలు సంగతైతే చేనేతలో కొరతేముంది? తండ్రి కొడుక్కి నేర్పాడు, తల్లి కూతురికి కండెలు చుట్టడం నేర్పింది. తరాలుగా నేర్పుతూనే ఉన్నారు. మరి నేతగాడి ఇల్లు ఎందుకు ఎదగలేదు? మరమగ్గం పోటీ, పట్టు నూలు ధరల్లో ఎగుడుదిగుళ్లు, మారిన బట్టల అలవాట్లు, ఇవన్నీ కారణాలే. వాటితోపాటు మరొకటి ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నేతగాడికి పడుగూ పేకా తెలుసు. నూలిచ్చి నేయించుకునే షావుకారు ఆ నూలు ఏ ధరకు తెచ్చాడో, తాను నేసిన పంచె ఏ ఊళ్లో ఏ ధరకు అమ్ముడైందో తెలియదు. తన చేతికొచ్చే మజూరీ మాత్రమే తెలుసు. పనితనం ఒకరి దగ్గర, లెక్క మరొకరి దగ్గర ఉండిపోయాయి. నరసాపురం లేసు సంగతీ అంతే. మిషనరీలు నేర్పిన కుట్టు ఆ చుట్టుపక్కల ఆడవాళ్ల చేతుల్లోకి వెళ్లింది. సరుకు విదేశాలకు పోయింది. 1982లో వెలువడిన పరిశోధన గ్రంథంలో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ చూపించింది ఏమిటంటే, రోజులో ఎన్నో గంటలు సూదికి అంటిపెట్టుకున్న ఆ ఆడవాళ్లను వ్యాపారులూ సమాజమూ పనివాళ్లుగా లెక్కపెట్టనేలేదు. తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా చూశారు. చేతిపని పంచి లెక్క దాచిపెట్టిన చోట తాపేశ్వరంలో లాగా కొత్త యజమానులు పుట్టలేదు. కాజా చేసేవాడికి పిండి ఖరీదు తెలుసు, గిరాకీ ఎదురుగా నిలబడి డబ్బిస్తాడు. అందుకే అక్కడ పనివాడు దుకాణదారు కాగలిగాడు.

నష్టం వస్తే భరించేది షావుకారు, అలాంటప్పుడు లెక్క అందరికీ ఎందుకు చూపాలి అని అడగవచ్చు. పట్టు ధర పడితే గోదాములో సరుకు మీద పోయేది ఆయన డబ్బే. ఆ భారానికి తగిన లాభం ఆయనకు రావాల్సిందే. కానీ నష్టమంతా ఆయనే మోస్తున్నాడన్నది సగమే నిజం. అమ్మకాలు తగ్గిన నెలలో మగ్గం ఆగిపోతుంది, ఆ నెల మజూరీ ఉండదు. కష్టంలో వాటా ఉన్నవాడికి సమాచారంలో వాటా లేకపోవడం న్యాయమూ కాదు, వ్యాపారానికి మేలూ కాదు. ఏ రంగు అంచు అమ్ముడవుతోందో తెలిస్తే నేతగాడే కొత్త అంచు ఆలోచిస్తాడు. చేనేత సహకార సంఘాల అసలు ఉద్దేశం ఇదే. సభ్యుడికి ఖాతా పుస్తకం చూసే హక్కుంటుంది. ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోయిన చోట సంఘమూ మరో షావుకారు అయింది.

తెలియనివ్వడం లాభనష్టాలతో ఆగదు, ప్రాణాల దాకా వెళ్తుంది. 2023 ఫిబ్రవరి 9న పెద్దాపురం మండలం జి.రాగంపేటలోని ఒక నూనె ఫ్యాక్టరీలో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన ఏడుగురు కార్మికులు ఊపిరాడక చనిపోయారు. ఐదుగురు పాడేరు ప్రాంతం నుంచి పని కోసం వచ్చినవాళ్లు, ఇద్దరు పక్కనే ఉన్న పులిమేరువాళ్లు. మూసి ఉంచిన ట్యాంకు అడుగున మిగిలిన మడ్డి కుళ్లుతుంటే లోపలి ప్రాణవాయువు తగ్గిపోతుంది, విషవాయువులు పేరుకుంటాయి. కంటికి ఏమీ కనిపించదు. ఇలాంటి చోట్ల మొదట దిగినవాడు కూలిపోతే కాపాడాలని రెండోవాడు దిగుతాడు, వాడి కోసం మూడోవాడు. తోటివాడి మీద ప్రేమే వాళ్ల ప్రాణం తీస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే ఉండేది. లోపలి గాలిని పరీక్షించి, సురక్షితమని అర్హత ఉన్న వ్యక్తి రాతపూర్వకంగా చెప్పాలి. లేదంటే దిగే మనిషికి శ్వాస పరికరం ఉండాలి, నడుముకు కట్టిన తాడు కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలి.

చిన్న పరిశ్రమలకు ఇవన్నీ ఖర్చు అంటారు. గాలి కొట్టే బ్లోయరు, గ్యాస్ మీటరు, తాడు, బెల్టు కలిపినా నూనె ఫ్యాక్టరీ యంత్రాల ఖరీదు పక్కన లెక్కకు రావు. కష్టమైనది మరొకటి: రోజు కూలికి వచ్చిన మనిషికి కూడా ఆ ట్యాంకు గురించి మేనేజరుకు తెలిసినంతా చెప్పాలన్న పట్టింపు. శాశ్వత ఉద్యోగికి శిక్షణ ఇస్తారు, కాంట్రాక్టరు తెచ్చిన మనిషికి బకెట్ ఇచ్చి పంపుతారు. షాక్లీ నమ్మని ఇంజనీర్లకు వెళ్లిపోయే దారి ఉంది, మరో కంపెనీ పెట్టుకున్నారు. కొండల నుంచి దిగివచ్చిన కూలికి ఆ దారి లేదు. అందుకే ఏడీబీ రోడ్డు మీద కొత్తగా ఫ్యాక్టరీ పెట్టబోయే యువకుడికి బ్యాంకు అప్పు ఎలా తెచ్చుకోవాలో చెప్పే శిక్షణలో ఈ పాఠమూ మొదటి రోజునే ఉండాలి. మనిషిని ట్యాంకులోకి దింపే ముందు ఏం పరీక్షించాలి, ఆ సంగతి అతనికి అర్థమయ్యే మాటల్లో ఎవరు చెప్పాలి, గాలి పరీక్ష కాలేదు కాబట్టి దిగనని అతనంటే ఆ పూట కూలి కోయకుండా ఎలా ఇవ్వాలి అన్నది.