కారే చోటు వేరు, దూరే చోటు వేరు

పెంకుటింట్లో పెరిగినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. గది మధ్యలో బొట్లు పడుతుంటే సరిగ్గా దాని నెత్తినే పెంకు పగిలిందని ఎవరూ అనుకోరు. పగిలింది రెండు బారల అవతల కావచ్చు. నీరు వాసం వెంట జారి, ఎక్కడ ముడి తగిలితే అక్కడ చుక్కై రాలుతుంది. అందుకే పైకెక్కినవాడు ముందు వాసం వాలు చూస్తాడు. లక్షలు పోసి కొన్న కొత్త జీపు తరహా బండిలో తొలి ముసురుకే కాళ్ల కింద కార్పెట్ తడిసినప్పుడు మాత్రం ఈ ఇంగితం గుర్తుకు రాదు. తడి కనిపించిన మూలకు దగ్గరలో ఏ సందుంటే ఆ సందులో సిలికాన్ కూరేస్తారు. నాలుగు రోజులు ఎండ కాస్తే బాగైపోయిందనుకుంటారు. మళ్లీ వాన, మళ్లీ తడి. నీరు ఎక్కడ దూరుతోందో తేలకముందు సందులు పూడ్చడం దండగే కాదు, చాలాసార్లు ఉన్న జబ్బును ముదరబెడుతుంది కూడా.

ఎలాగంటే, బండిని నీళ్లు చొరని పెట్టె అనుకోవడంలోనే పొరపాటుంది. కిటికీ అద్దం పైకీ కిందికీ కదలాలి కాబట్టి దాని పక్క రబ్బరు ఎంత ఒత్తుగా ఉన్నా కొంత నీరు డోరు కడుపులోకి దిగుతూనే ఉంటుంది. అది తెలిసే డోరు అడుగున సన్నని రంధ్రాలు పెడతారు. ఆ నీరు సీటు వైపు రాకుండా లోపలి ట్రిమ్ వెనక ప్లాస్టిక్ లేదా ఫోమ్ పొర అంటిస్తారు. వైపర్ల కింది జాలీకీ అడుగున నీరు పోయే దారి ఉంటుంది. సన్‌రూఫ్ చుట్టూ ఒక చిన్న కాలువ, దాని మూలల నుంచి స్తంభాల్లోగుండా నేల దాకా దిగే గొట్టాలు ఉంటాయి. చెరువుకు తూము ఎలాంటిదో బండికి ఇవన్నీ అలాంటివి. తూము పూడితే నీరు గట్టు మీదుగా పొర్లుతుంది. జాలీలో వేపాకు, కానుగాకు పేరుకుంటే నీరు బ్లోయర్ నోట్లోకి పొర్లి ముందు సీటు పాదాల దగ్గర తేలుతుంది. కొత్త స్పీకర్లు బిగించేటప్పుడు డోరులోని పొర ఒక మూల ఊడితే కింది కార్పెట్ తడుస్తుంది. ఇలాంటి డోరు అడుగున నీరు ఊరుతోందని ఆ రంధ్రాలనే సిలికాన్‌తో మూసేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

కొండదారులకు చేసిన బండ్లలో ఈ లెక్క ఇంకా చిక్కు. మామూలు కారు పైకప్పు బాడీలో కలిసిపోయి ఉంటుంది. జీప్ రాంగ్లర్ హార్డ్‌టాప్‌లో ముందు సీట్ల మీది రెండు పలకలను విప్పి తీసేయొచ్చు, వెనక భాగం బోల్టులతో బిగించి ఉంటుంది. 2020లో వచ్చిన కొత్త మహీంద్రా థార్‌ను హార్డ్‌టాప్‌తోనూ, మడిచే గుడ్డ టాప్‌తోనూ అమ్మారు. ప్రతి అతుకుకూ ఒక బీడింగు, బీడింగులు కలిసే ప్రతి మూలా ఒక అనుమానం. ముందు అద్దం నిటారుగా ఉండడంతో ఎదురువాన దాని అంచులనే కొడుతుంది. స్పేర్ టైరు బరువంతా వెనక డోరు మీదే ఉంటుంది కాబట్టి ఆ డోరు కాస్త వాలినా బీడింగు ఒక పక్క నలిగి, ఇంకో పక్క వదులవుతుంది. గుంతల్లో ఒక చక్రం గాల్లోకి లేచినప్పుడు బాడీ సన్నగా మెలి తిరుగుతుంది. ఫ్యాక్టరీలో ప్రతి బండినీ షవర్ కింద పరీక్షించే పంపుతారు కదా అని అడగొచ్చు. నిజమే, కానీ అక్కడ చదునైన నేల మీద నెగ్గిన బండి, ఘాట్ రోడ్డు ఎదురుగాలిలోనూ నెగ్గుతుందన్న పూచీ ఆ పరీక్షలో లేదు.

అడవి బండి కదా, కాస్త తడిస్తే ఏమైందన్నది తరచూ వినిపించే సమాధానం. దీనికో చరిత్ర ఉంది. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో తొలిసారి చూపిన లాండ్ రోవర్, దాని వారసుడిగా 2016 జనవరి దాకా తయారైన పాత డిఫెండర్, అల్యూమినియం పలకలను రివెట్లతో, బోల్టులతో కూర్చిన బండ్లు. వాటిలో నీరు కారడం బ్రిటన్ యజమానులకు నవ్వుకునే విషయమైపోయింది. కానీ ఆ తొలినాటి బండ్ల నేల ఉత్త రేకు. గుడ్డతో తుడిస్తే సరిపోయేది. నేటి బండ్లలో కార్పెట్ కింద మందమైన స్పాంజి ఉంటుంది. పైన చెయ్యి పెడితే పొడిగా ఉన్నా అడుగున వారాల తరబడి నీరు దాచుకుంటుంది. ఆ పక్కనే వైర్ల జాయింట్లు, ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ పెట్టె ఉంటాయి. రాగి పిన్ను మీద పచ్చటి చిలుము పట్టాక వచ్చే రిపేరు బిల్లుకు పాత జోకు పనికిరాదు. వాగు దాటినప్పుడు నీరొస్తే మనకు తెలుస్తుంది, అప్పుడే ఎండబెట్టుకుంటాం. వాననీరు చెప్పకుండా వస్తుంది.

కాబట్టి వెతకాలి. వెతకడం ప్రశ్నలతో మొదలవ్వాలి. వాన లేని రోజున కూడా తడి ఉందా? అయితే ఏసీ నీరు పోయే గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. తడి వేలికి జిడ్డుగా, తియ్యటి వాసనతో తగిలితే అది కూలెంట్. నిలిపి ఉంచినప్పుడే కారుతోందా, నడిచేటప్పుడా? బ్రేకు వేయగానే పైలైటు దగ్గర చుక్క రాలిందంటే పైకప్పులో ఎక్కడో నీరు నిలిచి, ఆ ఊపుకు ముందుకు దొర్లిందన్నమాట. తర్వాత బీడింగుల వంతు. ఒక పది రూపాయల నోటు అడ్డం పెట్టి డోరు మూసి, నోటును లాగాలి. బిగువుగా వస్తే సరే, జారిపోయిందంటే అక్కడ రబ్బరు ఆనడం లేదు.

ఆ పైన నీళ్ల పరీక్ష. కార్పెట్ ఎత్తి, రేకును పొడిగా తుడిచి, టాల్కం పౌడరు చల్లాలి. నీరు పాకిన చోట పౌడరు మీద గీత పడుతుంది, దాన్ని వెనక్కి పట్టుకుంటూ పోవచ్చు. ఒకరు టార్చితో లోపల, ఒకరు పైపుతో బయట ఉండాలి. పైపు నోరు నొక్కకుండా నీటిని మెల్లగా పారనివ్వాలి. ప్రెషర్ వాషర్ వాడితే బాగున్న రబ్బరు కూడా ఓడిపోయి, నిర్దోషి మీద నేరం పడుతుంది. ఎప్పుడూ కింది నుంచే మొదలుపెట్టాలి: డోరు అడుగు, అద్దం అంచు, స్తంభం, చివరికి పైకప్పు. ఒక్కో చోట 5 నిమిషాలైనా ఆగాలి. పైనుంచి పోస్తే నీరు అన్ని అతుకులనూ తడుపుకుంటూ దిగుతుంది, దోషి ఏదో తేలదు. లోపలివాళ్లు చుక్క పడిందనగానే నీళ్లు ఆపి, అంతా తుడిచి, ఆ అతుకు మీద నీటికి ఊడని టేపు వేసి మళ్లీ పోయాలి. టేపు ఉంటే పొడి, తీస్తే తడి అయితే చోటు దొరికినట్టే.

ఇంత శ్రమ కొన్నవాళ్లకెందుకు, కంపెనీ పని కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. బాగు చేయాల్సింది ముమ్మాటికీ వాళ్లే. కానీ రుజువు లేని ఫిర్యాదుకు ఏ గతి పడుతుందో 2023లో చూశాం. కొత్త స్కార్పియో-ఎన్ ఒకదాన్ని జలపాతం కింద నిలిపితే పైకప్పు స్పీకర్లలోంచి ధార కట్టిన వీడియో దేశమంతా తిరిగింది. తర్వాత కంపెనీ తన బండిని అలాగే నిలిపి, లోపల పొడిగా ఉన్న వీడియో పెట్టింది. జనం రెండు పక్షాలుగా చీలారు. నిజానికి ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టెయ్యవు. రెండోది ఆ డిజైన్ నీటిని ఆపగలదని చూపింది, మొదటి బండిలో నీరు ఏ దారిన వచ్చిందో చెప్పలేదు. ఆ దారిని చూపేది టేపు పరీక్షే. దాన్ని ఫోనులో తీసి, నీరు దూరే చోటును జాబ్ కార్డు మీద రాయిస్తే “వాన పడినప్పుడు తీసుకురండి” అనే మాటకు తావుండదు. తర్వాత వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్ గడప తొక్కాల్సి వచ్చినా చేతిలో కాగితం ఉంటుంది. బండి బాగై వచ్చాక అదే పైపుతో, అదే చోట, అంతే సేపు మళ్లీ నీళ్లు పోసి చూడాలి. పౌడరు మీద గీత పడకపోతే అప్పుడు కార్పెట్ పరుచుకోవచ్చు.