ముగిసిన కథనే కొనండి

2007 తెలుగు టీవీ ప్రేక్షకులకు విచిత్రమైన సంవత్సరం. సెప్టెంబరు 2న, అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఇన్‌శాట్-4సీఆర్ ఉపగ్రహాన్ని పైకి చేర్చింది. ఇంటి మీద చిన్న గొడుగు పెట్టుకుంటే చాలు, వందల ఛానళ్లు నేరుగా వచ్చే డీటీహెచ్ ప్రసారాల కోసం అందులో 12 ట్రాన్స్‌పాండర్లు అమర్చారు. అదే ఏడాది మోజర్ బేయర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. నవంబరు 18న జెమినీ టీవీలో గుణ్ణం గంగరాజు నిర్మించిన ‘అమృతం’ సరిగ్గా ఆరేళ్లు నడిచి, 313 ఎపిసోడ్లతో ముగిసింది. ప్రసారం పెరిగింది, డిస్కు చవకయింది, దాచుకోదగిన సీరియల్ ఒకటి పూర్తయింది. ఇవన్నీ ఒకే ఏడాది జరిగినా ఒకదానికొకటి ఉపయోగపడలేదు. చవక డిస్కుల మీద షాపుల నిండా సినిమాలే కనిపించాయి. సీరియల్ అంటే ఆ పూటకు చూసి వదిలేసేదన్న అభిప్రాయం తీసినవాళ్లలోనూ చూసినవాళ్లలోనూ పాతుకుపోయింది. అది పొరపాటని, కొన్ని సీరియళ్లను పుస్తకాల్లాగే డబ్బిచ్చి కొని ఇంట్లో ఉంచుకోవాలని నా వాదన.

అన్నిటినీ కొనమని కాదు. రోజూ సాయంత్రం వచ్చే ధారావాహికలో అసలు రుచి ఎదురుచూపులో ఉంటుంది. ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ నడిచిన రోజుల్లో రేపేమవుతుందన్న మాట వీధి వీధంతా అనుకునేది. వెయ్యి ఎపిసోడ్లు ఒక పెట్టెలో పెట్టి ఇచ్చినా ఆ ఎదురుచూపు తిరిగిరాదు. కొనదగినది ముగింపు ఉన్న కథ, ఒక రచయితో దర్శకుడో మొదటినుంచీ చివరిదాకా చేయి వదలని కథ. ఆర్.కె.నారాయణ్ కథలతో 1980ల్లో శంకర్ నాగ్ తీసిన ‘మాల్గుడి డేస్’ ఇందుకు మంచి కొలమానం. కర్ణాటకలోని ఆగుంబెను మాల్గుడిగా మార్చారు. బొమ్మలు ఆర్.కె.లక్ష్మణ్‌వి, సంగీతం ఎల్.వైద్యనాథన్‌ది. చాలా కథలు ఒక్క ఎపిసోడ్‌లోనే పూర్తవుతాయి కాబట్టి ఏ రాత్రయినా ఒకటి తీసి చూడొచ్చు, నెల తరవాత మళ్లీ అదే చూడొచ్చు. శ్యామ్ బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’ ఇంకో రకం. నెహ్రూ పుస్తకం ఆధారంగా 53 భాగాలు, నెహ్రూగా రోషన్ సేఠ్. పదో తరగతి పిల్లవాడు చరిత్ర పాఠం చదివిన రోజున ఆ కాలానికి చెందిన భాగం తీసి చూపిస్తే పాఠం నిలుస్తుంది. ఈ రెండూ డీవీడీలుగా వచ్చాయి. కొత్త ముద్రణ కనిపిస్తే ఆలోచించకుండా కొనమంటాను. దృశ్యమే ప్రాణమైనవాటిలో బీబీసీ ‘ప్లానెట్ ఎర్త్ 2’ను 4కె బ్లూ-రేలోనే చూడాలి. ఆ డిస్కు సెకనుకు అందించే సమాచారం, ఇంటర్నెట్‌లో వచ్చే 4కె ప్రసారం కంటే కొన్ని రెట్లు ఎక్కువ. సముద్రపు నురగ, పక్షుల గుంపు లాంటి దృశ్యాల్లో ఆ తేడా కంటికి తెలుస్తుంది.

యూట్యూబ్‌లో ఊరికే వస్తుంటే డబ్బు పెట్టడం ఎందుకని ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ‘అమృతం’ కొత్త తరానికి చేరింది యూట్యూబ్ వల్లే, ఆ మేలు మరువలేం. కానీ అక్కడ ఉన్నది మనది కాదు. హక్కుదారు మనసు మారినా, ఒప్పందం ముగిసినా, ఒక పాట మీద పేచీ వచ్చినా తెల్లారేసరికి అది ఉండకపోవచ్చు. ఉపగ్రహం నుంచి వచ్చినా కేబుల్లో వచ్చినా ప్రసారం ప్రసారమే, అది నిలవ ఉండదు. టీవీ సంస్థలు తమ సరుకును తామే భద్రంగా దాచుకుంటాయన్న నమ్మకానికీ పెద్ద ఆధారం లేదు. ప్రపంచంలో పేరున్న బీబీసీయే 1960, 70 దశకాల్లో ఖరీదైన టేపులను తుడిచి మళ్లీ వాడుకుంది. ‘డాక్టర్ హూ’ సీరియల్‌లో 90కి పైగా ఎపిసోడ్ల చిత్రం అలా పోయింది. 2013లో తొమ్మిది ఎపిసోడ్లు తిరిగి దొరికాయంటే, ఎప్పుడో ప్రసారానికి పంపిన ప్రతులు నైజీరియాలోని జోస్ పట్టణంలో మిగిలి ఉండబట్టే. ఇంకా దొరకనివాటికీ ధ్వని మాత్రం ఉంది. అప్పట్లో ఇళ్లల్లో టేప్‌రికార్డరు పెట్టి పట్టుకున్న మామూలు ప్రేక్షకులు దాన్ని కాపాడారు. ఆ ధ్వనికి బొమ్మలు గీసి, కదిలించి, ఇప్పుడు డిస్కులుగా అమ్ముతున్నారు. సంస్థ పారేసినదాన్ని ఇళ్లు నిలబెట్టాయి. ఎన్ని ఇళ్లల్లో ప్రతి ఉంటే ఆ కృతికి అన్ని ప్రాణాలు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: డిస్కు కాలమే అయిపోయింది కదా! 28 రూపాయల వీసీడీ అమ్మిన కంపెనీని 2018లో మూసివేతకు పంపారు. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ తపాలా డీవీడీల సేవను 2023 సెప్టెంబరులో ఆపేసింది. ఇవి నిజాలే, కానీ వీటిలో నాకు వేరే సంగతి కనబడుతోంది. అద్దె వ్యాపారం పోయింది, చౌకబారు అమ్మకం పోయింది. మిగిలింది దాచుకునేవాళ్ల కోసం శ్రద్ధగా చేసే పని. ఆడించే యంత్రాలూ ఉన్నాయి. డిస్కు డ్రైవున్న ప్లేస్టేషన్ 5 డీవీడీ నుంచి 4కె బ్లూ-రే దాకా చదువుతుంది. ల్యాప్‌టాప్‌కు తగిలించే చిన్న డ్రైవుతో డీవీడీలు చూసుకోవచ్చు. అయితే డిస్కు మీద ఉన్నదంతా చెక్కుచెదరనిదని నేననను. ‘డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి’ అనే అమెరికన్ హాస్య సీరియల్‌ను 2007లో డీవీడీగా తెచ్చినప్పుడు హక్కుల ఖర్చుకు జడిసి అసలు పాటలు చాలావరకు తీసి వేరేవి పెట్టారు. 2014 సెట్‌లో వాటిలో ఎక్కువ భాగం తిరిగి చేర్చారు. కాబట్టి అట్ట మీద ఎపిసోడ్ల సంఖ్య, నిడివి, సబ్‌టైటిళ్లు చదివాకే డబ్బు తీయాలి.

అమెరికాలో పిల్లలున్న కుటుంబాలు మరో సంగతి చూసుకోవాలి. అక్కడ కొన్న డీవీడీ సాధారణంగా రీజియన్ 1ది, మన దేశం రీజియన్ 5. బ్లూ-రే అయితే అక్కడిది ‘ఎ’, మనది ‘సి’. ముచ్చటపడి తెచ్చిన పెట్టె ఇక్కడి ప్లేయరులో తిరగకపోవచ్చు. 4కె బ్లూ-రేకు ఈ అడ్డు లేదు. తెచ్చేవాళ్లకు ఫోనులోనే చెప్పడం మంచిది.

తుమ్మలపెంట, మైపాడు, కృష్ణపట్నం మొదలుకుని పులికాట్ దాకా ఉన్న తీరవాసులకు నిలవ ఉంచడమే పెద్ద పరీక్ష. ఎండాకాలం వేడి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ, ఏడాది పొడుగునా ఉప్పుగాలి. వీడియో క్యాసెట్‌కు ఇక్కడ బూజు తప్పదు. డిస్కు అంతకంటే మొండిదే గాని, దాని లోపల అద్దంలా మెరిసే పలుచని అల్యూమినియం పొర ఉంటుంది. అంచు పగిలో, పైపూత గీసుకుపోయో గాలి తగిలితే ఆ పొర మచ్చలు వేస్తుంది. అందుకే మందపాటి పెట్టెలో నిలువుగా పెట్టాలి, స్టిక్కర్లు అంటించకూడదు, సముద్రం వైపు కిటికీకి దూరంగా ఉంచాలి. మందుసీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు పారేయకుండా ఆ అల్మరాలో వేస్తే పనికొస్తాయి.

ఇంత జాగ్రత్తగా దాచుకోవడానికి మన తెలుగు సరుకు ఏదీ? సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ మనవి, వాటిని సీరియల్‌గా తీసింది బెనెగల్, హిందీలో. తెలుగు ఉపశీర్షికలతో ఆ సెట్ వస్తే కృష్ణాతీరం కథలు ఇంటికొచ్చినట్టే. బాపు, ముళ్లపూడి వెంకటరమణ కలిసి ఈటీవీకి చేసిన ‘భాగవతం’ ఉంది. కావలి కుర్రాడు మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన ‘దర్గామిట్ట కథలు’ నెల్లూరుకు మాల్గుడి లాంటి సీరియల్ ఇవ్వగలవు, తీసేవాళ్లు కావాలి. అన్నిటికంటే ముందు అడగవలసింది ‘అమృతం’. 313 ఎపిసోడ్లంటే భయపడతారు గాని, లెక్క చూడండి. ప్రకటనలు తీసేస్తే ఎపిసోడు ఇరవై నిమిషాల చిల్లర, మొత్తం నూరు గంటల పైమాట. ఆనాటి మామూలు నాణ్యత చిత్రానికి గంటకు రెండు గిగాబైట్లు ధారాళంగా సరిపోతాయి. 50 గిగాబైట్ల బ్లూ-రేలో పాతిక గంటలు పడతాయి, అయిదు డిస్కుల్లో సీరియల్ అంతా వచ్చేస్తుంది. సిరివెన్నెల రాసిన టైటిల్ పాట కత్తిరింపు లేకుండా ఉండాలి, ఛానల్ గుర్తు లేని మూలప్రతి నుంచి తీయాలి, తెలుగు చదవలేని మనవలకు ఇంగ్లీషు ఉపశీర్షికలుండాలి, ఏ దేశంలోనైనా ఆడేలా రీజియన్ కట్టడి లేకుండా చేయాలి. ఈ నాలుగూ ఉంటే సినిమా డిస్కుకు పెట్టినదానికి పదింతలు పెట్టినా దండగ కాదు.